గేటు తిరిగిచ్చిన రూపాయి

రూపాయి బిళ్ల ఏ వరసలో అరుగుతుందో నాకు తెలుసు. ఈ విద్య ఎవరికీ అక్కర్లేదు, నాకూ దీనివల్ల ఒరిగిందేమీ లేదు, అయినా పదమూడేళ్లు పట్టి నేర్చుకున్నాను. ముందు సింహాల మూతులు పోతాయి. పొడుచుకొచ్చినవి అవే కాబట్టి దెబ్బ వాటికే మొదట తగులుతుంది. రెండో వైపు, ఒకటి అంకెకు అటూ ఇటూ ఉన్న కంకులు గింజ గింజగా చదునైపోయి గడ్డిపోచల్లా మిగులుతాయి. అక్షరాలు కొన్నాళ్లు మొండిగా నిలబడతాయి. అన్నిటికన్నా అడుగున, అంచుకు ఆనుకుని, సన్నగా ఉండే సంవత్సరం మాత్రం ఆఖరున పోతుంది. అంచు దానికి కాపు కాస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నా పంతం సంవత్సరం మీద కాక సింహాల మూతుల మీద పెట్టుకునేవాణ్ణి. అయిదేళ్లలో బయటపడేవాణ్ణి.

పంతం సంగతి చెప్పాలంటే మొదటి రోజు దగ్గరికి వెళ్లాలి. ఎనభైల చివర్లో బొల్లారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా చేరాను. మాత్రలు చేసే కంపెనీ కాదు. మాత్రల్లో వేసే పొడిని పీపాల కొద్దీ తయారుచేసి పంపే కంపెనీ. నన్ను వేసింది సాల్వెంట్ బ్లాకులో, అంటే పొడిని కరిగించే, పెట్రోలులా మండే ద్రవాలుండే చోట. అక్కడ గాలి కూడా అంటుకుంటుందని అనేవారు. స్పానర్లు సుత్తెలు అన్నీ ఇత్తడివే వాడాలి, ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుందని భయం. అందుకే గేటు దగ్గర జేబులు ఖాళీ చేయించేవారు. చిల్లర, తాళాలు, అగ్గిపెట్టె, బీడీలు, ఏవీ లోపలికి పోకూడదు. పటాన్‌చెరులో ఎవరో ఫోటో స్టూడియోవాడి దగ్గర పోగుచేసి తెచ్చిన నల్లటి రీలు డబ్బాలు వరసగా చెక్క అరల్లో ఉండేవి. ఒక్కో డబ్బా మీద తెల్ల రంగుతో ఒక నంబరు. చిల్లర, తాళంచెవి డబ్బాలో వేసి సెక్యూరిటీకి ఇస్తే అదే నంబరున్న టోకెన్ ఇచ్చేవాడు. ఎన్ని టోకెన్లు బయటున్నాయో చూస్తే బ్లాకులో ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. ఏదైనా జరిగితే ఎంతమందిని వెతకాలో తెలియడానికి అని మొదటి రోజే నవ్వుతూ చెప్పారు.

ఆ రోజు నా జేబులో ఒకే ఒక రూపాయి ఉంది. బస్సు టికెట్ పోగా మిగిలిన బిళ్ల, ఎనభై అయిదు నాటిది, తళతళలాడుతోంది. సాయంత్రం టోకెన్ ఇచ్చి దాన్ని తీసుకున్నాను. ఎదురుగా టీ బండి కనిపించింది. అటు నాలుగడుగులు వేశానో లేదో, నాకు పని చూపించిన పెద్ద ఆపరేటర్ వెనకనుంచి పిలిచాడు. గడ్డపోతారం వైపు మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు, అందరూ కాకా అనేవారు.

"ఏం చేస్తవ్ ఆ బిళ్లతోని?"

"చాయ్ తాగుత కాకా."

"వద్దు. చాయ్ నేను తాగిపిస్త. ఈ గేటు తీసుకునుడే గని ఇచ్చుడు ఉండది. మొదటి దినం అది మల్లిచ్చిన బిళ్లను ఖర్చు పెట్టొద్దు. జేబుల పెట్టుకో."

బ్లాకులో అది ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. ప్రతి ఆపరేటర్ జేబులోనూ ఒక మొదటి రోజు బిళ్ల ఉండేది. కాకా తనది తీసి నా అరచేతిలో పెట్టాడు. ఏ నాణెమో పోల్చుకోలేకపోయాను. రెండు వైపులా నున్నగా ఉంది, సైకిల్ వాషర్‌కు బొక్క పెట్టడం మరిచిపోయినట్టు.

"అర్ధరూపాయి అది" అన్నాడు. "నేను బాయి తవ్వుకునెదాక చేస్తనని వచ్చిన. రెండేండ్లు అనుకున్న."

"తవ్వినవా మరి?"

"తవ్విన. నీళ్లు పడ్డయ్. ఎర్రగ పడ్డయ్."

అని నవ్వాడు. ఆయన నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల వాడిని, నాకు తెలిసిన విద్య ఒకటి చేతిలో ఉంది, ఈయనలా అయిపోతానని ఎవరైనా అంటే ఊరుకునే వయసు కాదు.

"నా బిళ్ల గిట్ల కానియ్య కాకా. దీని మీద అంకెలు అరిగెటాల్లకు నేను ఈడ ఉండ."

"ఉంటే?"

"అంకెలు పోయిన దినం గేటు దాటుత. మల్ల రాను."

ఆయన పందెం కట్టలేదు, ఎగతాళి చేయలేదు. టీ తాగించి బస్సెక్కించాడు.

నా చేతిలో విద్య అన్నాను కదా, అది మోటారు వైండింగు. కంపెనీలో చేరకముందు సంగారెడ్డిలో ఒక ఉస్తాద్ దగ్గర రెండేళ్లు పనిచేశాను. బోరు మోటార్లు కాలిపోతే లోపలి పాత తీగంతా పీకేసి కొత్త రాగి తీగ చుట్టడం మా పని. ఆ తీగ మీద పల్చటి పూత ఉంటుంది. అది ఒక్కచోట లేచినా మోటారు మళ్లీ కాలుతుంది. ఆ లేచిన చోటు కంటికి కనబడదు. "కండ్లతోని సూడకు బేటా, బొటనవేలుతోని సూడు" అనేవాడు ఉస్తాద్. కళ్లు మూయించి మూర మూర తీగ వేళ్ల మధ్య నుంచి లాగించేవాడు. గీత ఉన్న చోట నా వేలు ఠక్కున ఆగేది. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో అంత వేలు ఎవరికీ లేదని బయటివాళ్లతో చెప్పుకునేవాడు, నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మా ఊరి చుట్టూ అప్పట్లో ఎటు చూసినా బోర్లే. ఎండాకాలం వస్తే రోజుకు రెండు మూడు మోటార్లు కాలేవి. ఊరి మలుపు దగ్గర, పెద్ద రోడ్డు మీద ఒక షటర్ తీసుకుని నా సొంత దుకాణం పెట్టుకోవాలి. తీగ చుట్టే మిషను, కొన్ని సామాన్లు కొనుక్కునేదాకా రెండేళ్లు కంపెనీలో చేయాలి. నాకు కావలసింది అంతే. పెద్ద ఆశ కూడా కాదు. ఉస్తాద్ తన పాత చేతి సామాను కొంత గోనెసంచిలో కట్టి ముందుగానే ఇచ్చేశాడు, ఎలాగూ పెడతావు కదా అని.

రెండేళ్లు అయ్యాయి. రూపాయి మీద సింహాలు ఇంకా మూతులు తిప్పుకునే ఉన్నాయి. నాన్న మూడెకరాల పక్కనుంచి పోయే వాగు కంపెనీల నీళ్లు కలిసి రంగు మారిన ఏడాది అదే. ఆ మరుసటేడు నన్ను పర్మినెంటు చేశారు. పర్మినెంటు కాగితం చేతిలో ఉండగా మానేసేవాడు పిచ్చోడని ఊరంతా తేల్చింది. ఆ తర్వాత పెళ్లయింది.

నా భార్య మా మేనమామ బిడ్డే. చిన్నప్పటినుంచి నన్ను ఆటపట్టించడం ఆమెకు హక్కు. పెళ్లయిన మొదటి దసరాకు ఇంట్లో పనిముట్లకు పూజ చేస్తూ గోనెసంచి విప్పింది. ఉస్తాద్ ఇచ్చిన కొయ్య సుత్తి, గీకుడు కత్తి, కటింగ్ ప్లయర్ తుడిచి బొట్లు పెట్టింది. "పూజలు చేయించుకునుడే గని వీటికి పని లేదాయె" అంది. అప్పుడు నేను పంతం సంగతి చెప్పాను. ఆమె రూపాయి అడిగి తీసుకుంది. పాత నోటుబుక్కు ఆఖరి పేజీని దాని మీద పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దింది. ఒకటి, కంకులు, అడుగున నాలుగంకెలు, నల్లగా తేలాయి.

"ఏటేటా దసరకు తీస్త" అంది. "అంకెలు పోయిన పొద్దు నీ సంచి నేనే మోస్త బావా."

అప్పటినుంచి నేను ఆ రూపాయిని అరగదీయడమే పనిగా పెట్టుకున్నాను. పొద్దున్నే కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కుడిచేయి జేబులోనే ఉండేది. బొటనవేలుతో బిళ్లను రుద్దుతూ, తిప్పుతూ, అంచు మీద గోరు నడుపుతూ గేటు దాకా పోయేవాణ్ణి. సైకిల్ తాళంచెవిని కావాలనే అదే జేబులో పెట్టేవాణ్ణి, అది ఇంకాస్త గీకుతుందని. బొల్లారం దగ్గరికి వస్తుంటే వాసన మొదలయ్యేది. బస్సులో సగంమంది నిద్రలోనే ముక్కు మూసుకునేవారు. బస్సు ఆగగానే బిళ్ల తీసి డబ్బాలో వేసేవాణ్ణి. రాత్రి డ్యూటీ అయినా పగటి డ్యూటీ అయినా ఎనిమిది గంటలు అది అక్కడ, నేను ఇక్కడ. డ్యూటీ అయ్యాక ఇద్దరం బయటికి వచ్చేవాళ్లం.

లోపల పని గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఇప్పటికీ అన్నం సహించదు. పొడి పసుపుగా ఉన్న నెలలో మా చేతులు పసుపు, గులాబీగా ఉన్న నెలలో గులాబీ. ఆ రంగు సబ్బుకు వదిలేది కాదు. సాల్వెంటులో చేతులు ముంచితే ఒక్క క్షణంలో తెల్లగా వచ్చేవి. అందరం అలాగే కడుక్కునేవాళ్లం. వద్దని గోడ మీద బోర్డు ఉండేది, బోర్డు కిందే బకెట్టు ఉండేది. భోజనానికి కూర్చునే ముందు చల్లగా, హాయిగా ఉండేది కూడా. వేళ్ల చివర్లు సున్నం కొట్టినట్టు తెల్లగా అయ్యేవి. ఇంటికి వచ్చాక నా భార్య కొబ్బరినూనె రాసేది. తెల్లారేసరికి మళ్లీ తోలు లేచేది.

సంవత్సరాలు గడిచాయి. సింహాల మూతులు పోయాయి. కంకులు పోయాయి. నోటుబుక్కు పేజీలో ఏటేటా ఒక బొమ్మ చేరేది. ప్రతి బొమ్మా ముందుదానికన్నా మసకగా ఉండేది, మొదట్లో నాకు అది చూస్తే ఉత్సాహం వచ్చేది. ఈలోగా మా ఊరి బోర్లలో నీళ్లు చెడిపోతూ వచ్చాయి. ముందు నురగ, తర్వాత వాసన, తర్వాత పచ్చటి రంగు. వాటితో తడిపిన మడి మాడిపోయేది. ఒక్కొక్కరే మోటార్లు పైకి తీసి అమ్ముకున్నారు. నా దుకాణం పెట్టకముందే దానికి గిరాకీ పోయింది.

ఈ మాట ఇంట్లో చెప్పాను. నిజం చెప్పొద్దూ, చెప్తున్నప్పుడు నా గొంతులో బాధకన్నా నిమ్మళం ఎక్కువ ఉంది. నా భార్యకు అది వినపడింది.

"ఊర్లె మోటర్లు లేకుంటే పటాన్‌చెరుల కూలర్లు లేవా? ఫ్యాన్లు లేవా? మిక్సీలు లేవా? గిన్ని కాలనీలు కొత్తగ వస్తున్నయ్. కాలిపోయేటియి అన్ని మోటర్లే గద?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. నేను ఇంటి స్లాబు సంగతి ఎత్తాను. స్లాబు పడ్డాక అమ్మ ఆపరేషన్ సంగతి ఎత్తాను. అది అయ్యాక వర్షాలు పోనీయమన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి నా నోటి దగ్గర సిద్ధంగా ఉండేది.

అంకెలు కూడా పోవడం మొదలైంది. ముందు ఒకటి, తర్వాత తొమ్మిది. ఎనిమిది రెండు చుక్కలుగా మిగిలింది. అయిదు మాత్రం తన పొట్టను కాపాడుకుంటూ నిలబడింది. ఆ ఏడు దసరాకు పెన్సిల్‌తో రుద్దితే పేజీ మీద అంచూ, నడుమ పెద్ద ఒకటీ, అడుగున ఒక వంకర ముక్క, అంతే వచ్చాయి. "ఇగ వచ్చే దసరకు అయిపోతది బావా" అంది నా భార్య. ఆమె ముఖంలో సంబరం చూడలేక బయటికి వచ్చి నిల్చున్నాను.

మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాల పాకెట్టు ప్లాస్టిక్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి, రూపాయిని అందులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. తాళంచెవిని అవతలి జేబులోకి మార్చాను. బస్సులో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎందుకు అలా చేస్తున్నానో నాకు నేను ఒక్క ముక్క చెప్పుకోలేదు.

మూడు నెలలకు, ప్యాంటు ఉతకబోతూ నా భార్య ఆ పొట్లం తీసింది. పొయ్యి దగ్గర కూర్చున్న నా ముందుకు వచ్చి విప్పింది.

"గిదేంది?"

నేను పొయ్యిలోని కట్టెను లోపలికి తోశాను.

"అరగకుంట దాస్తున్నవా?"

"పోతదేమోనని."

"ఏం పోతదేమోనని? బిళ్లనా, నౌకరినా?"

ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా అని తప్పించుకునేవాణ్ణి. రూపాయిని ప్లాస్టిక్ లేకుండా నా పక్కన గట్టు మీద పెట్టి బట్టల దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు ఒప్పుకున్నాను, మనసులోనే. ఇన్నేళ్లూ గేటు నన్ను పట్టుకుందని తిట్టుకున్నాను. నిజానికి గేటు తీసే ఉంది. భయపడింది నేను. నెల తిరిగేసరికి జీతం రాని ఇంటిని ఊహించుకోవడం కూడా నా వల్ల అయ్యేది కాదు. అంత పిరికివాణ్ణని నాకు ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా తెలియలేదు.

తెలిశాక కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఈ పీడ ఒక్కరోజులో వదిలించుకోవాలనుకున్నాను. మర్నాడు గేటు దగ్గర వేరే చిల్లర ఏదో డబ్బాలో వేసి, రూపాయిని మేజోడులో దాచుకుని లోపలికి వెళ్లాను. తప్పు పని, ప్రాణం మీదికి వచ్చే పని. నేను బ్లాకు లోపలికి పోకుండా ముందు శాంపిల్ ఇచ్చే వంకతో ల్యాబుకు పోయాను, అది వేరే బిల్డింగు. అందరూ క్యాంటీనుకు వెళ్లిన సమయం. గాజు గిన్నెలో రూపాయి వేసి దాని మీద నైట్రిక్ యాసిడ్ పోశాను. ఎంత పోశానో చూసుకోలేదు. మిగిలిన ఆ అయిదు ముక్క కరగడానికి రెండు నిమిషాలు చాలని లెక్క వేసుకున్నాను. పదమూడేళ్లుగా యాసిడ్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, నాకు తెలియదా అనుకున్నాను. ఎర్రటి పొగ లేచింది. పొగను బయటికి లాగేసే అద్దాల అర లోపలికి గిన్నెను నెట్టి అద్దం దించాను.

సరిగ్గా అప్పుడే బ్లాకులో తడి పొడిని గిరగిరా తిప్పి నీరు పిండే సెంట్రిఫ్యూజ్ ఊగుతోందని కేక వినపడింది. పరిగెత్తాను. దాన్ని ఆపి, బుట్టలోని పొడి అంతా చేత్తో తోడి, సరిచేసి మళ్లీ నడిపించేసరికి రెండు గంటలు దాటింది.

వచ్చి చూస్తే గిన్నెలో నీళ్లున్నాయి. మైలుతుత్తం కలిపినట్టు నీలం పచ్చ నీళ్లు. గాజు పుల్లతో అడుగంతా వెతికాను. అంకెలు లేవు, ఒకటి లేదు, అంచు లేదు. కన్నీళ్లు వచ్చాయి, పొగకు అనుకుంటారులే అని తుడుచుకోలేదు. గిన్నెను తొట్టిలో వంచి నల్లా తిప్పాను. ఆ నీళ్లు ఏ కాలువలోకి పోతాయో, ఆ కాలువ ఎవరి పొలాల పక్కనుంచి పోతుందో నాకు తెలుసు.

సాయంత్రం ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. నా భార్య అంతా విని ఒకటే అడిగింది.

"అంకెలు పోయినయా, లేవా?"

"పోయినయ్. బిళ్ల గూడ పోయింది గద."

"అంకెలు పోతే పోత అన్నవ్ బావా. బిళ్ల ఉండాలె అనలే."

అన్నం తిన్నాను. తెల్లవారి ఎప్పటి లాగే బస్సెక్కాను. ఆమె టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది, కానీ గడప దాకా రాలేదు.

గేటు దగ్గర నా జేబులు ఖాళీ. చిల్లర లేదు, బస్సు దాకా నడిచే వచ్చాను కాబట్టి సైకిల్ తాళంచెవీ లేదు. గేటు తెరిచిన నాటినుంచి అక్కడే ఉన్న ముసలి సెక్యూరిటీ నా నంబరు డబ్బా తీసి ఊపి చూశాడు.

"ఖాళీ డబ్బకు టోకెన్ ఇయ్యొద్దన్నరు సార్. ఏదన్న ఒకటి ఉండాలె."

నేను నిలబడిపోయాను. వెనక లైను ఆగిపోయింది. ఆయనే తన జేబులోంచి ఒక కొత్త రూపాయి తీసి డబ్బాలో వేసి టోకెన్ నా చేతిలో పెట్టాడు. సాయంత్రం దాన్ని తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"గేటు ఇచ్చిన బిళ్లను ఖర్చు పెట్టొద్దంటరు గద మీ బ్లాకోల్లు. ఉంచుకో."

అది స్టీలు రూపాయి. పాతదానికన్నా చిన్నది, తేలిక, అద్దంలా మెరుస్తుంది. దాన్ని బస్సులో రుద్దడం మొదలుపెట్టాను. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు. ఒక ఏడాది రుద్దాను, రెండేళ్లు, నాలుగేళ్లు. తాళంచెవితో గీకాను. దసరా వచ్చినప్పుడల్లా నా భార్య నోటుబుక్కు తీసేది. ప్రతిసారీ అంకెలు మొన్న కొట్టినట్టే తేలేవి.

"వీడు మొండోడు బావా" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత తర్వాత ఏమీ అనకుండా బొమ్మ తీసి పేజీ మూసేది.

అలా ఎనిమిదేళ్లు. కాకా ఎప్పుడో రిటైర్ అయిపోయాడు. రీలు డబ్బాలు పాతబడి మూతలు ఊడిపోయాయి, అయినా మార్చలేదు. మార్చింది హాజరు పద్ధతి. గేటు దగ్గర గోడకు ఒక చిన్న మిషను బిగించారు. బొటనవేలు ఆనిస్తే పచ్చ లైటు వెలిగి హాజరు పడుతుంది. నేను ఆనించాను. ఎర్ర లైటు వచ్చింది. లోపలినుంచి ఒక ఆడగొంతు "ప్లీజ్ ట్రై అగైన్" అంది. తుడుచుకుని ఆనించాను. మళ్లీ అదే మాట. ఎడమ వేలు పెట్టాను. అదే మర్యాద. సాల్వెంట్ బ్లాకు పాతవాళ్లలో సగంమందికి ఇదే జరిగింది. ఆఫీసులో కుర్రాళ్లు మా వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, గీతలు లేవు అన్నారు. చివరికి సెక్యూరిటీ పక్కనున్న మీటలు నొక్కి మా నంబర్లు ఎక్కించాలని తేల్చారు.

ఇంటికి వచ్చి తమాషాగా చెప్పాను, ఆ ఆడగొంతును అనుకరిస్తూ. నా భార్య నవ్వలేదు. నా కుడిచేయి తీసుకుని దీపం దగ్గర చూసింది. నోటుబుక్కు తెచ్చింది. పెన్సిల్ మొనను నా బొటనవేలి మీద బాగా రుద్ది నల్లగా చేసింది. స్టీలు రూపాయి బొమ్మల వరస పక్కన ఆ వేలును ఒత్తింది. తీసి చూస్తే పేజీ మీద ఒక నల్లటి మరక. ఒక్క గీత లేదు.

ఇద్దరం పేజీని మొదటినుంచి చూసుకుంటూ వచ్చాం. మొదటి వరసలో ఎనభై అయిదు రూపాయి మెల్లగా మసకబారుతూ వచ్చింది. రెండో వరసలో ఎనిమిది బొమ్మలు ఒకేలా ఉన్నాయి. చివర్న మరక.

"అరిగింది గద బావా" అంది. "బిళ్ల కాకుంటే ఏమాయె. ఇగ పో."

ఈసారి నేను వంకలు వెతకలేదు. ఆదివారం గోనెసంచి భుజాన వేసుకుని సంగారెడ్డి బస్సెక్కాను. ఉస్తాద్ ముసలివాడయ్యాడు, దుకాణం మాత్రం అక్కడే ఉంది. గోడ పొడుగునా కూలర్ మోటార్లు, మిక్సీలు పేర్చి ఉన్నాయి. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టాడు. నేను చెప్పాలనుకున్నది సగం చెప్పేసరికే నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేపటికెళ్లే వచ్చి కూసో బేటా. నాకు కండ్లు కనవడ్తలేవు. పనోల్లు ఉన్నరు గని వేలు లేదు. నీ వేలు నాకు యాదున్నది."

దారి పొడుగునా నేను తయారుచేసుకున్న మాటలేవీ అవసరం పడలేదు. ఇరవై ఏళ్లు భయపడ్డ పని ఇంత తేలికా అనిపించింది. ఉస్తాద్ పక్కనున్న ఉండలోంచి రెండు మూరల తీగ తెంపి, ఎక్కడో గోటితో గీరి, నా చేతిలో పెట్టాడు. పాత ఆటే. కళ్లు మూసుకున్నాను. బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య తీగను మెల్లగా లాగాను. చివరికి వచ్చేసింది. మళ్లీ మొదటినుంచి లాగాను. వేళ్ల మధ్య తీగ ఉందో లేదో కూడా తెలియలేదు. మూడోసారి లాగి, కళ్లు తెరిచి, "బాగనే ఉన్నది ఉస్తాద్" అన్నాను.

ఆయన తీగ తీసుకున్నాడు. ఆ కనబడని కళ్లతో ఎటో చూస్తూ ఒక్కసారి లాగి మధ్యలో ఆగాడు. ఆగిన చోటు నాకు చూపించలేదు. తీగను చుట్టి పక్కన పెట్టి టీ తెప్పించాడు. మేమిద్దరం ఎండల గురించి, సంగారెడ్డిలో పెరిగిన రద్దీ గురించి మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు గోనెసంచి అక్కడే వదిలేశాను.

"సంచి ఏది?" అంది నా భార్య నేను గడపలో కాలు పెట్టగానే.

"ఉస్తాద్‌కిచ్చిన. ఆయనకైన పనికొస్తయ్."

ఆమె కొబ్బరినూనె సీసా తెచ్చి నా పక్కన కూర్చుని, రోజూ లాగే నా వేళ్లకు రాయడం మొదలుపెట్టింది. ఆ రోజు బొటనవేలి దగ్గర ఎక్కువసేపు ఆగింది.

సోమవారం పొద్దున గేటు దగ్గర వేలు ఆనించాను. "ప్లీజ్ ట్రై అగైన్" అంది మిషను. మళ్లీ ఆనించాను. ముసలి సెక్యూరిటీ అప్పటికే మీటల మీద వేలు పెట్టి ఉన్నాడు.

"నంబర్ చెప్పు సార్."

చెప్పాను. రూపాయి తీసి డబ్బాలో వేసి, టోకెన్ తీసుకుని లోపలికి నడిచాను. సాయంత్రం గేటు నా రూపాయి నాకు తిరిగి ఇచ్చింది.